300కి 291 వచ్చాయి, మరి భిన్నాలు ఎందుకు రావు?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. ఇది ఏడో ఏడు. 2025లో చేరిన ఫస్టియర్ పిల్లలకి ‘మ్యాట్రిసెస్ అండ్ కాలిక్యులస్’ మొదలుపెట్టి నెల కావొస్తోంది. ఒకబ్బాయికి ఇంటర్‌లో మ్యాథ్స్ నాలుగు పేపర్లూ కలిపి 300కి 291. మొన్న వాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి ఒక మ్యాట్రిక్స్‌ని ఎచెలాన్ ఫామ్‌లోకి (కింది వరసల్లో మెట్లలా సున్నాలు వచ్చే రూపం) తెమ్మంటే మధ్యలో 1/2 + 1/3 కలపాల్సి వచ్చింది. 2/5 అని రాశాడు. క్లాసులో 66 మంది ఉన్నారు. ఒక్కరూ తప్పు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా సీనియర్లు ‘ఏటేటా ఇంతేనమ్మా, ఫోన్లొచ్చి పిల్లలు పాడయ్యారు’ అని వదిలేస్తున్నారు. పైవాళ్లేమో పాస్ పర్సంటేజ్ తగ్గకూడదు, మిడ్ పేపర్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) తేలిగ్గా ఇవ్వండి, కాలేజీలో మేమే వేసే 40 ఇంటర్నల్స్‌లో ఎవరికీ 35కి తక్కువ వేయొద్దు అంటున్నారు. మా దగ్గర సెమిస్టర్ చివరి ఎక్స్‌టర్నల్ పరీక్షలో 60కి కనీసం 21, మొత్తం మీద 40 వస్తే పాస్. నిజంగానే చదువుల స్థాయి పడిపోతోందా, లేక నాకే చెప్పడం రావట్లేదా? నేనేం చేయాలి?
– ఒక లెక్చరర్ (పేరు వేయొద్దన్నారు)

సమాధానం:

అమ్మా,

ఆ 2/5 దగ్గరే మొదలుపెడతాను. ఆ అబ్బాయి ఏం చేశాడో మళ్లీ ఒకసారి చూడండి. పైవి పైవి కలిపాడు, కిందివి కిందివి కలిపాడు. ఈ కూడిక సరిగ్గా సరిపోయే చోటు ఒకటుంది. రెండు మార్కుల పరీక్షలో ఒకటి, మూడు మార్కుల పరీక్షలో ఒకటి వచ్చాయనుకోండి. మొత్తం మీద ఎన్నికి ఎన్ని? అయిదుకి రెండు. ఒకటో తరగతి నుంచీ ప్రోగ్రెస్ కార్డు మీద ఆ అడ్డగీత చూస్తూ పెరిగిన పిల్లాడు వాడు. గీత పైన తనకొచ్చినవి, గీత కింద మొత్తం మార్కులు. మీ బోర్డు మీద వాడు భిన్నాలు కలపలేదమ్మా, మార్కులు కలిపాడు. 66 మందిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదంటే ఆశ్చర్యం లేదు. అందరూ ఆ కార్డులతోనే పెరిగారు.

ఇలాంటి తప్పుని ‘ఎల్సీఎం తీసుకో’ అని సరిచేయలేం. తీసుకుంటాడు. ఎల్సీఎం వాడికి రాకేమీ కాదు. వచ్చే వారం కంగారులో మళ్లీ 2/5 రాస్తాడు. ‘అరకి ఇంకొంచెం కలిపితే అర కన్నా ఎక్కువ రావాలా, తక్కువ రావాలా?’ అని అడిగి చూడండి. 2/5 అర కన్నా తక్కువని వాడంతట వాడు చూసుకోవాలి. చూసిన క్షణంలో మొహం మారుతుంది. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 32 ఏళ్లు లెక్కలు చెప్పాను, ఆ మొహం మారడం కోసమే చెప్పానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఇంకో సంగతి. ఫస్టియర్ పిల్లల తప్పులు ఒక నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉండేది నాకు. అలా చూస్తే వందల తప్పులు కావవి, నాలుగైదే. అందులో పెద్దది ఇది: ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అంటారు. √(9+16) అంటే 3+4, ఏడు అంటారు. 1/(2+3)ని 1/2 + 1/3 చేస్తారు. లాగ్ (2+3)ని లాగ్ 2 ప్లస్ లాగ్ 3 చేస్తారు. సైన్ (30+60)ని సైన్ 30 ప్లస్ సైన్ 60 చేస్తారు. చూడ్డానికి అయిదు చాప్టర్ల తప్పులు, నిజానికి ఒకటే. రెండుని (3+4)తో గుణించమంటే రెండు మూళ్లు, రెండు నాలుగులు అని లోపలికి పంచడం చిన్నప్పుడు నేర్పాం. ఇక బ్రాకెట్ కనిపిస్తే చాలు, బయట ఏముందో చూడకుండా లోపలికి పంచిపెట్టేస్తున్నారు. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఫార్ములా అడిగితే మాత్రం ఠక్కున చెబుతారు! ఫార్ములా ఒక అరలో, లెక్క ఇంకో అరలో ఉన్నాయి వాళ్లకి. అంకెలు వేసి చూసే అలవాటు నేర్పితే ఈ అయిదూ కలిసే పోతాయి. సైన్ 30 అర, సైన్ 60 అర కన్నా చాలా ఎక్కువ, రెండూ కలిపితే ఒకటి దాటుతుంది, సైన్ ఒకటి ఎలా దాటుతుంది? ఈ ఒక్క ప్రశ్న ఒక పీరియడ్ పని చేస్తుంది.

మరి 291 ఎలా వచ్చాయంటారా? కష్టపడితేనే వచ్చాయి. వాణ్ని సోమరి అనుకోకండి. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఎ పేపరే తీసుకోండి. ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తారు, అయిదు రాస్తే చాలు. ఏ చాప్టర్ నుంచి ఏది వస్తుందో ఇంటర్ పిల్లాణ్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: ఫంక్షన్స్ ఒకటి, ఇండక్షన్ ఒకటి, మ్యాట్రిసెస్ రెండు, వెక్టర్స్ ఒకటి, ట్రాన్స్‌ఫర్మేషన్స్ ఒకటి, ప్రాపర్టీస్ ఆఫ్ ట్రయాంగిల్స్ ఒకటి. నచ్చని చాప్టర్ ఒకటి పూర్తిగా వదిలేసినా ఆ సెక్షన్లో 35కి 35 చేతిలోనే ఉంటాయి. మిగిలిన లెక్కల్ని ఉదయం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా రాసి రాసి చేతికి ఎక్కిస్తారు. చేతికి ఎక్కిన లెక్క తలకి ఎక్కాల్సిన పని లేదు, పేపర్ దాన్ని అడగదు కాబట్టి.

ఆ తర్వాత ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ప్రతిదానికీ నాలుగు ఆప్షన్లు. పిల్లలు ఇందులో ఆరితేరిపోయారు. లెక్క చేయరు, ఆప్షన్ని తీసుకెళ్లి ప్రశ్నలో పెట్టి చూస్తారు. తెలివి తక్కువ పని కాదది, ఆ ఆటకి అదే సరైన ఎత్తు. కానీ మీరు బోర్డు మీద ఇచ్చిన మ్యాట్రిక్స్‌కి ఆప్షన్లు లేవు. రెండేళ్ల తర్వాత మొదటిసారి తెల్ల గోడ ముందు నిలబడ్డాడు వాడు. ఒక లెక్క చెబుతాను వినండి, మీకు తెలిసిందే అయినా. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ప్రశ్న చదవకుండా 160కీ ఏదో ఒకటి నొక్కుకుంటూ పోతే సగటున ఎన్నొస్తాయి? 40. రిజర్వేషన్ లేని విద్యార్థికి అర్హత మార్కు ఎంత? అదీ 40. తెలంగాణలో ఇంజినీరింగ్ సీట్లేమో లక్ష పైచిలుకు. ఇంత పెద్ద గుమ్మం పెట్టి, లోపలికి వచ్చినవాళ్లని చూసి స్థాయి పడిపోయింది అనడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఇక మీ పెద్ద ప్రశ్న. పడిపోతోందా?

1985లో నేను ఉద్యోగంలో కొత్త. బీఎస్సీ పిల్లలకి లిమిట్ నిర్వచనం, ఎప్సిలాన్ (ε) అనే గ్రీకు అక్షరంతో సహా, మూడు రోజులు చెప్పాను. ఒకబ్బాయి ప్రూఫ్ మొత్తం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. మురిసిపోయి ‘శభాష్’ అన్నాను. కూర్చోబోతూ అడిగాడు: ‘సార్, ఆ తిరగేసిన మూడు ఏంటి?’ స్టాఫ్ రూమ్‌లో ఈ మాట చెప్పుకొని నేను బాధపడుతుంటే, ఇంకో రెండేళ్లలో రిటైర్ కాబోతున్న పెద్దాయన ఒకరు నవ్వి, మీ బ్యాచీలకే ఏమీ రాదయ్యా, వీళ్లకేం వస్తుంది అన్నారు. ‘మీ బ్యాచీలు’ అంటే నేను!

‘మా రోజుల్లో’ అనే మాట పట్ల నాకు అనుమానం అందుకే. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతం. చదవడం రాయడం రానివాళ్లు సగానికి మించి ఉన్న రోజుల్లో కాలేజీ దాకా వచ్చిన కాసిని మందిని చూసి, ఇప్పుడు ఇంటికొకరుగా వస్తున్న పిల్లలతో పోలుస్తాం. నా ఊళ్లో నాతోపాటు ఒకటో తరగతిలో కూర్చున్నవాళ్లలో పదో తరగతి పాసైంది నలుగురం. మిగతావాళ్లు 2/5 రాసేవాళ్లో 5/6 రాసేవాళ్లో ఎవరికీ తెలియదు, వాళ్లని ఎవరూ బోర్డు దగ్గరికి పిలవలేదు.

పాస్ పర్సంటేజీలతో ఏదీ తేలదు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. కోవిడ్‌తో రెండేళ్లు పరీక్షల్లేవు. 2022లో 67.26. 2024కి 86.69. పిల్లల బుర్రలు మూడేళ్లలో అంత కరిగిపోయి, మళ్లీ రెండేళ్లలో అంత పెరిగాయా? తెలంగాణలో 2021 డిసెంబర్లో ఇంటర్ ఫస్టియర్ ఫలితాలు వస్తే సగం మంది కూడా పాస్ కాలేదు. గొడవయింది. వారం రోజుల్లో తప్పినవాళ్లందరికీ 35 వేసి గట్టెక్కించారు. ఆ పరిస్థితుల్లో అది తప్పని నేననను. కానీ ఆ 35ని కొలత అనలేం కదా.

కాస్త నమ్మదగిన కొలత ‘అసర్’. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి, లెక్క చేయించి చూసే సర్వే అది. 2023లో 14 నుంచి 18 ఏళ్లవాళ్లని చూశారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతం. నాలుగో వంతు మందికి తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం గడగడా చదవడం రాలేదు. చిన్నపిల్లల్లో చూస్తే, ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి వాళ్లు రెండో తరగతి పాఠం చదవగలిగింది 2018లో 20.9 శాతం, కోవిడ్ తర్వాత 2022లో 16.3, 2024లో 23.4. అంటే పడి, లేచి, మునుపటి కన్నా కాస్త పైకే వచ్చింది. పైకొచ్చినా నలుగురిలో ఒకరికి తక్కువే! ఎత్తున ఉన్నది కదా పడిపోవాలి. పునాది ముందు నుంచీ బలహీనమే, దాని మీద అంతస్తులు పెంచాం. నిజంగా పడిపోయింది మార్కు విలువ. 1985లో వందకి 60 వచ్చినవాడికి ఎంత వచ్చో నాకు ఒక అంచనా ఉండేది. ఇప్పుడు 97 శాతం చూస్తే వాడికి ఏం వచ్చో నాకు ఏమీ తెలియదు. మీకూ తెలియలేదు, అందుకే నిద్ర పట్టలేదు.

ఇది ఈనాటి గోల కూడా కాదు. మన రాధాకృష్ణన్ గారు అధ్యక్షులుగా ఉన్న విశ్వవిద్యాలయ కమిషన్ 1949లోనే రాసింది, ఉన్నత విద్యలో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే అది పరీక్షల సంస్కరణే అని. ఆ మాటకి వయసు నా వయసు కన్నా ఎక్కువ.

అయితే మీ ముందున్న ఈ బ్యాచ్‌కి ప్రత్యేకంగా ఒక దెబ్బ తగిలింది, అది మాత్రం గమనించండి. 2025లో ఇంటర్ ముగించారంటే 2020-21లో ఎనిమిదో తరగతి. ఆ ఏడాది తెలంగాణలో ఎనిమిదో తరగతి పిల్లలు 2021 ఫిబ్రవరి ఆఖర్లో బడి గడప తొక్కారు, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. నెల రోజులు. మిగతా ఏడాదంతా టీవీ పాఠాలు, ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే దాని కోసం అక్కతో తమ్ముడితో గొడవలు. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో ఏముంది? అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశి సమీకరణాలు, ఘాతాంకాలు, కారణాంక విభజన. సరిగ్గా మీ ఎచెలాన్ ఫామ్‌కి, ఐగెన్ వాల్యూస్‌కి (మ్యాట్రిక్స్ నుంచి ఒక సమీకరణం రాసి సాధిస్తే వచ్చే విలువలు) కావలసిన పనిముట్లు. పరీక్ష లేకుండానే తొమ్మిదికి వెళ్లారు, అక్కణ్నుంచి పదో తరగతి హడావుడి, తర్వాత ఇంటర్ హాస్టల్. వెనక్కి తిరిగి ఆ ఖాళీ పూడ్చిన మనిషి ఎవరూ లేరు. మీ సీనియర్లు ఫోన్లని తిడుతున్నారు. తిట్టనివ్వండి, కొంత నిజమే. కానీ ఆ ఏడాది ఫోన్ ఉన్న పిల్లాడే అదృష్టవంతుడు.

ఇక చేయాల్సిన పని. రేపు క్లాసులో ఎనిమిది ప్రశ్నల కాగితం ఇవ్వండి. ఇరవై నిమిషాలు. పేరు రాయనక్కర్లేదు, మార్కులు లేవు, ఆప్షన్లు లేవు, కావాలంటే తెలుగులో రాసుకోవచ్చని చెప్పండి. భిన్నాల కూడిక ఒకటి, అర లోంచి పావు ఎన్నిసార్లు పోతుందని ఒకటి, పైన చెప్పిన బ్రాకెట్ రకం రెండు, ఒక సమీకరణం, ఎక్స్ స్క్వేర్‌కి గ్రాఫ్ గీయమని ఒకటి, వంద రూపాయల వస్తువు 20 శాతం పెంచి మళ్లీ 20 శాతం తగ్గిస్తే ఎంతని ఒకటి. చివర్లో ‘మ్యాట్రిక్స్ ర్యాంక్ అంటే నీకు అర్థమైంది రెండు వాక్యాల్లో రాయి’ అని తప్పకుండా పెట్టండి. ఆ రెండు వాక్యాలు చదివితే లెక్క రాక ఆగుతున్నారా, ఇంగ్లిష్ దగ్గర ఆగుతున్నారా తెలిసిపోతుంది. చాలామంది ఇంగ్లిష్ దగ్గర ఆగుతారని నా అనుమానం. లెక్కని పిల్లల చేత తెలుగులో చెప్పించడం నామోషీ ఏమీ కాదు.

కాగితాలు దిద్దేటప్పుడు పిల్లల్ని వేరు చేయకండి, తప్పుల్ని వేరు చేయండి. ఏ తప్పు ఎంతమంది చేశారో అంతే. ప్రథమ్ వాళ్లు చిన్న పిల్లల దగ్గర చేసేదీ ఇలాంటిదే, ఏ తరగతి అని అడగకుండా ఎక్కడున్నాడో చూసి అక్కణ్నుంచి చెబుతారు. మన ఐఐటీల్లో కూడా ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది, సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ అయితే ఫస్టియర్‌కి మూడు వారాల ఇండక్షన్ (కొత్త పిల్లలకి కాలేజీ అలవాటు చేసే కార్యక్రమం) పెట్టమంది. ఆ మూడు వారాలు చాలా కాలేజీల్లో ప్రసంగాలకీ ఫొటోలకీ పోతున్నాయి, అది వేరే కథ.

ఒక హెచ్చరిక. ‘రెమెడియల్ క్లాస్’ అని పేరు పెట్టి నాలుగు తర్వాత పిలవకండి. ఎవరూ రారు. సిగ్గు ఒక కారణం, కాలేజీ బస్సు అంతకన్నా పెద్ద కారణం. మీ పీరియడ్లోనే మొదటి పది నిమిషాలు తీసుకోండి. ఆ రోజు మ్యాట్రిక్స్‌లో భిన్నాలు వస్తాయనుకుంటే ఆ రోజు భిన్నాలు. ఐగెన్ వాల్యూస్ రోజున కారణాంకాలు. పది నిమిషాలకి సిలబస్ ఆగిపోదు, పైగా ర్యాంక్ లెక్క ఒకటికి రెండుసార్లు చెప్పాల్సిన అవసరం తప్పుతుంది. వారానికోసారి బోర్డు మీద మీరే ఒక లెక్క తప్పు చేసి, ఎక్కడ తప్పిందో పట్టుకోమనండి. ఆ 66 మంది మౌనానికి మందు అదే. వాళ్లకి తప్పు తెలియక మాత్రమే ఊరుకోలేదు, బోర్డు మీద ఉన్నది తప్పు కావచ్చన్న ఆలోచనే వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

ఇంటర్నల్స్ గురించి. పైవాళ్లతో యుద్ధం చేయమని నేను చెప్పను. ప్రైవేటు కాలేజీ ఉద్యోగం ఎంత గట్టిదో నాకు తెలుసు, మీ ఇంటి అద్దె నేను కట్టను. కానీ మీరు రాసిన నియమాల్లోనే మీకు ఒక వాదన ఉంది. ఎక్స్‌టర్నల్లో 21 రాకపోతే ఇంటర్నల్స్ 35 ఉన్నా బ్యాక్‌లాగే. అంటే ఆ ఉత్తుత్తి 35 పిల్లాణ్ని పాస్ చేయదు, ఫెయిల్ కాబోతున్నాడని వాడికి డిసెంబర్ దాకా తెలియకుండా చేస్తుంది. పాస్ పర్సంటేజ్ కావాలంటే ఆ సంగతి మొదటి మిడ్‌కే తెలియాలి. మీ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి స్థాయి, విలువలు అని చెప్పకండి, ఈ లెక్క చెప్పండి. వింటారు.

మిడ్ పేపర్ తేలిక చేయకండి. దానికి బదులు రెండో అవకాశం ఇవ్వండి. పేపర్లు దిద్ది ఇచ్చాక, తప్పు పోయిన ప్రతి లెక్కనీ క్లాసులో, మీ ఎదురుగా, చేత్తో మళ్లీ చేసి, ముందు ఎక్కడ తప్పిందో ఒక వాక్యం రాస్తే పోయిన మార్కుల్లో సగం తిరిగి ఇస్తానని ముందే చెప్పండి. అసైన్‌మెంట్ మార్కులకీ ఇదే పద్ధతి. ఇంటి దగ్గర రాసుకు రమ్మంటే చాట్‌జీపీటీ రాసిస్తుంది, దానికి మీరు మార్కులు వేయడం నాకు నచ్చదు. ఇలా చేస్తే చాలామందికి 30 దాటి వస్తాయి, న్యాయంగానే. కొందరికి 35 రావు. ఆ కొందరి పేర్లు, వాళ్లు తిరిగి రాసిన కాగితాలతో సహా మీ దగ్గర ఉంటాయి. అప్పుడు పైవాళ్లు 35 వేయమంటే వాళ్లనే సంతకం పెట్టమనండి. పెడతారో లేదో చూద్దాం.

మీకు చెప్పడం రావట్లేదా అని అడిగారు. బోర్డు మీద 2/5 చూసి నిద్ర పట్టనివాళ్లకి ఆ భయం అక్కర్లేదు. కాకపోతే ఒక చిన్న ఫిర్యాదు ఉంది. ఆ అబ్బాయి 2/5 రాశాక మీరు ఏం చేశారో ఉత్తరంలో రాయలేదు. దిద్దేసి ముందుకు వెళ్లారేమో. వెళ్తాం, నేనూ చాలాసార్లు వెళ్లాను, సిలబస్ అలా తరుముతుంది. వాణ్ని రేపు మళ్లీ పిలిచి, అందరి ముందు కాదు, కారిడార్లో, అర కన్నా 2/5 పెద్దదా అని అడగండి. మొదటి మిడ్ అయ్యాక ఆ ఎనిమిది ప్రశ్నల కాగితమే మళ్లీ ఇచ్చి, తప్పుల లెక్క ఎంత మారిందో నాకు రాయండి. ఆ అబ్బాయి ఏమన్నాడో కూడా.